డిస్కు వినియోగ విశ్లేషణ: కంప్యూటర్‌లో చోటు ఎక్కడ ఖర్చవుతోందో తేల్చే పద్ధతులు

కంప్యూటర్ డిస్కు మీద ఏ ఫోల్డరు, ఏ ఫైలు, ఏ ప్రోగ్రాము ఎంత చోటు ఆక్రమించిందో లెక్క తేల్చే పనిని డిస్కు వినియోగ విశ్లేషణ అంటారు. డిస్కు నిండినప్పుడు దేన్నైనా తీసేయడానికి ముందు జరగాల్సిన పరిశీలన ఇది. ఇంట్లోని ల్యాప్‌టాప్, ఆఫీసు సర్వర్, చేతిలోని ఫోను, అంగారకుడి మీద తిరిగిన రోవర్ - ఫైళ్లు దాచుకునే ప్రతి యంత్రానికీ ఈ అవసరం వచ్చింది.

డిస్కు నిండితే కలిగే ఇబ్బంది కొత్త ఫైలు దాచుకోలేకపోవడంతో ఆగదు. ఆపరేటింగ్ సిస్టమ్ తన తాత్కాలిక ఫైళ్లు రాసుకోలేదు. అప్‌డేట్లు మధ్యలో నిలిచిపోతాయి. డేటాబేసు కొత్త నమోదులను తిప్పికొడుతుంది. సేవ్ చేస్తున్న పత్రం సగంలో తెగిపోయే ప్రమాదం ఉంది. ఫ్లాష్ మెమరీతో పనిచేసే ఎస్ఎస్‌డీల్లో మరో చిక్కు కూడా ఉంది. ఆ మెమరీలో పాత సమాచారాన్ని పెద్ద బ్లాకులుగా చెరిపితేగాని మళ్లీ రాయడం కుదరదు. ఖాళీ బ్లాకులు తగ్గేకొద్దీ డ్రైవ్ లోపల సర్దుబాటు పని పెరిగి, రాసే వేగం పడిపోతుంది.

ఈ విశ్లేషణ అంతా ఒక సూత్రం మీద నిలబడింది. డిస్కు మీది ప్రతి బ్లాకుకూ ఫైల్ సిస్టమ్ దగ్గర లెక్క ఉంటుంది. కాబట్టి చోటు ఊరికే మాయం కాదు. ఎక్కడికి పోయిందో తెలియలేదంటే, మనం వెతకని చోట అది ఉందనో, మనం వాడిన కొలత వేరనో అర్థం.

చరిత్ర

ఐబీఎం 1956లో తెచ్చిన రామాక్ 350 తొలి వాణిజ్య హార్డ్‌డిస్కు. 24 అంగుళాల వ్యాసం ఉన్న 50 పళ్లేల మీద అది 50 లక్షల అక్షరాలు దాచేది. అంత తక్కువ చోటున్న రోజుల్లో ఏ సమాచారం ఎక్కడ ఉందో దాన్ని నడిపేవారికి ముందే తెలిసి ఉండేది. ఒకే డిస్కును చాలామంది పంచుకోవడం మొదలయ్యాకే ఎవరు ఎంత వాడారన్న ప్రశ్న ముందుకొచ్చింది.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రూపొందించిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ ప్రశ్నకు తొలినాళ్లలోనే జవాబు దొరికింది. 1971 నవంబరు నాటి తొలి యూనిక్స్ మాన్యువల్‌లోనే డీయూ, డీఎఫ్ అనే రెండు కమాండ్లు ఉన్నాయి. మొదటిది ఏ డైరెక్టరీ ఎంత వాడిందో చెబుతుంది. రెండోది డిస్కులో ఎంత ఖాళీ మిగిలిందో చెబుతుంది. అప్పట్లో ఆ బృందం వాడిన పీడీపీ-11 యంత్రపు డిస్కు సామర్థ్యం 512 కిలోబైట్లు మాత్రమే. అర్ధ శతాబ్దం దాటినా ఈ రెండు కమాండ్లు లినక్స్, మ్యాక్ యంత్రాల్లో అవే పేర్లతో పనిచేస్తున్నాయి.

కొలవడం తెలిశాక కట్టడి చేయడం తర్వాతి మెట్టు. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణం నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో, ఒక్కో వాడుకరికి ఇంత చోటే అని హద్దు పెట్టే కోటా పద్ధతి చేరింది. అదే ఏడాది ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో వచ్చింది. వ్యక్తిగత కంప్యూటర్ వాడేవారికి కూడా డిస్కు నిండే సమస్య అప్పటి నుంచి దగ్గరైంది. 1998లో వచ్చిన విండోస్ 98లో డిస్క్ క్లీనప్ అనే ఉపకరణాన్ని మైక్రోసాఫ్ట్ చేర్చింది.

కొలమానాల తేడా

1 టీబీ డ్రైవ్ కొన్నవారికి విండోస్‌లో 931 జీబీ మాత్రమే కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు, డ్రైవ్‌లో లోపమూ లేదు. తయారీదారులు దశాంశ పద్ధతిలో లెక్కిస్తారు. వారి లెక్కలో 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ ద్వియాంశ పద్ధతిలో లెక్కిస్తుంది. దాని లెక్కలో 1 జీబీ అంటే 1024 ఘనం, అంటే 107,37,41,824 బైట్లు. లక్ష కోట్ల బైట్లను ఆ సంఖ్యతో భాగిస్తే 931 వస్తుంది. ఇదే లెక్కన 500 జీబీ డ్రైవ్ 465 జీబీగా కనిపిస్తుంది.

ఈ గందరగోళం తీర్చడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో ద్వియాంశ కొలతలకు కిబీబైట్, మెబీబైట్, గిబీబైట్ అనే వేరు పేర్లు పెట్టింది. కొన్ని లినక్స్ ఉపకరణాలు ఆ పేర్లు వాడుతున్నాయి. ఆపిల్ 2009లో విడుదల చేసిన స్నో లెపర్డ్ నుంచి దశాంశ లెక్కకు మారింది. విండోస్ మాత్రం పాత పేర్లతోనే ద్వియాంశ లెక్క చూపుతోంది. అందుకే ఒకే పెన్‌డ్రైవ్ మ్యాక్‌లో ఒక అంకె, విండోస్‌లో మరో అంకె చూపిస్తుంది. రెండు ఉపకరణాల ఫలితాలను పోల్చేటప్పుడు అవి ఏ కొలత వాడుతున్నాయో ముందు చూసుకోవాలి.

ఫైలు పరిమాణం, డిస్కు మీద పరిమాణం

విండోస్‌లో ఏ ఫైలు ప్రాపర్టీస్ తెరిచినా పరిమాణం ఒక అంకె, డిస్కు మీద పరిమాణం మరో అంకె ఉంటాయి. మొదటిది ఫైలులోని సమాచారపు నిడివి. రెండోది దానికోసం డిస్కు కేటాయించిన చోటు. ఫైల్ సిస్టమ్ డిస్కును బైట్ల లెక్కన పంచదు, క్లస్టర్లు అనే నిర్ణీత పరిమాణపు ముక్కల లెక్కన పంచుతుంది. ఒక్క బైటు ఉన్న ఫైలుకైనా సాధారణంగా పూర్తి క్లస్టర్ ఇచ్చేస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో క్లస్టర్ మామూలుగా 4 కిలోబైట్లు. కొన్ని వందల బైట్ల చిట్టి ఫైళ్లను మాత్రం ఎన్‌టీఎఫ్ఎస్ తన సూచికలోనే ఇముడ్చుకుంటుంది.

పెన్‌డ్రైవ్‌ల్లో ఈ తేడా బాగా బయటపడుతుంది. 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే విండోస్ మామూలుగా 128 కిలోబైట్ల క్లస్టర్ ఎంచుకుంటుంది. ఒక్కొక్కటి 100 బైట్లున్న లక్ష ఫైళ్లను అందులోకి కాపీ చేశామనుకుందాం. వాటిలోని సమాచారం మొత్తం కోటి బైట్లు, అంటే 10 మెగాబైట్లే. కానీ అవి ఆక్రమించే చోటు 13 జీబీ దాటుతుంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్న ఫోల్డర్‌ను ఒకే జిప్ ఫైలుగా చేసి కాపీ చేయడం వల్ల ఇంత లాభం ఉంటుంది.

తేడా ఎదురుదిశలోనూ ఉంటుంది. మధ్యలో ఖాళీలున్న స్పార్స్ ఫైళ్లు పెద్దవిగా కనిపించినా డిస్కు మీద కొంచెమే ఉంటాయి. వర్చువల్ మెషీన్ల డిస్కు ఫైళ్లు తరచూ ఇలాంటివే. వన్‌డ్రైవ్ వంటి సేవల్లో క్లౌడ్‌లోనే ఉన్న ఫైలు పేరుకు 2 జీబీ అని కనిపించినా, డిస్కు మీద దాని పరిమాణం సున్నా కావచ్చు. చోటు కోసం వెతికేవారు చూడాల్సింది ఎప్పుడూ రెండో అంకెనే.

లెక్క కట్టే మూడు దారులు

మొదటి దారి ఫైల్ సిస్టమ్‌నే అడగడం. ఎన్ని బ్లాకులు వాడుకలో ఉన్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో అది ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటుంది. డీఎఫ్ కమాండ్, విండోస్‌లో డ్రైవ్ కింద కనిపించే పట్టీ ఈ అంకెనే చూపుతాయి. జవాబు క్షణంలో వస్తుంది, నమ్మదగినది కూడా. అయితే మొత్తం ఎంత అన్నదే తప్ప ఎవరు వాడారన్నది ఇందులో తెలియదు.

రెండో దారి ప్రతి ఫోల్డర్‌లోకీ దిగి, ప్రతి ఫైలునూ కొలిచి, కూడుకుంటూ పైకి రావడం. డీయూ చేసేది ఇదే. ఏ ఫోల్డర్ ఎంత తిన్నదో దీనివల్ల తెలుస్తుంది. ఫైళ్లు లక్షల్లో ఉంటే, అందులోనూ తిరిగే హార్డ్‌డిస్కు మీద, దీనికి చాలాసేపు పడుతుంది. అనుమతి లేని ఫోల్డర్లలోకి ఇది దిగలేదు. అందుకే లినక్స్‌లో రూట్ అధికారంతో, విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినప్పుడే పూర్తి లెక్క వస్తుంది.

మూడో దారి ఫైల్ సిస్టమ్ తన దగ్గర ఉంచుకున్న సూచికను నేరుగా చదవడం. ఎన్‌టీఎఫ్ఎస్‌లో మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టిక ఉంటుంది. ప్రతి ఫైలు పేరు, పరిమాణం, అది ఉండే చోటు అందులో నమోదై ఉంటాయి. విజ్‌ట్రీ వంటి ఉపకరణాలు ఫోల్డర్లన్నీ తిరగకుండా ఈ పట్టికనే చదివేస్తాయి. కాబట్టి నిమిషాలు పట్టే పని సెకన్లలో ముగుస్తుంది.

అంకెల నుంచి చిత్రానికి

డీయూ ఇచ్చే జాబితా వేల వరుసలు సాగుతుంది. అందులో పెద్దవి ఏవో కంటితో పట్టుకోవడం కష్టం. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మానవ-కంప్యూటర్ సంబంధాల ప్రయోగశాల నడిపిన బెన్ ష్నైడర్‌మన్‌కు 1990లో ఈ సమస్యే ఎదురైంది. అక్కడ 80 మెగాబైట్ల హార్డ్‌డిస్కు ఒకదాన్ని 14 మంది పంచుకునేవారు. అది నిండిపోయినప్పుడు ఎవరి ఫైళ్లు, ఏ ఫోల్డర్‌లో ఎంత చోటు తింటున్నాయో తేల్చడం కష్టమైంది. ఫోల్డర్ల చెట్టును కొమ్మలుగా గీస్తే తెర చాలదు. అందుకని తెరనంతటినీ ఒక దీర్ఘచతురస్రంగా తీసుకుని, ప్రతి ఫోల్డర్‌కూ దాని పరిమాణానికి తగ్గ భాగం ఇచ్చి, ఆ భాగాన్ని లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ మళ్లీ పంచే పద్ధతి ఆయన కనిపెట్టారు. దాని పేరు ట్రీమ్యాప్. ఆయన విద్యార్థి బ్రయాన్ జాన్సన్ మ్యాకింటాష్ కోసం ట్రీవిజ్ అనే ప్రోగ్రాముగా దాన్ని అమలుచేశారు.

తొలి ట్రీమ్యాప్‌లలో సన్నటి పొడుగాటి చీలికలు ఎక్కువగా వచ్చేవి. వాటిని పోల్చడం కంటికి కష్టం. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని రెండు విధాల మెరుగుపరిచారు. 1999లో యార్కె వాన్ వైక్, హూబ్ వాన్ డె వెటరింగ్ ఒక్కో గడికి దిండులా ఉబ్బెత్తు నీడలు ఇచ్చి, ఏది దేనిలో భాగమో తెలిసేలా చేశారు. ఆ వెంటనే గడులను వీలైనంత చతురస్రానికి దగ్గరగా అమర్చే పద్ధతి కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆ రెండింటినీ కలిపిన సెకోయావ్యూ ప్రోగ్రాము విండోస్ వాడుకరులకు చేరింది. లినక్స్‌లో కేడర్‌స్టాట్, విండోస్‌లో విన్‌డర్‌స్టాట్, మ్యాక్‌లో డిస్క్ ఇన్వెంటరీ ఎక్స్, గ్రాండ్ పర్‌స్పెక్టివ్ ఇదే బాటలో వచ్చాయి.

మరో పాయ వలయ చిత్రాలది. మధ్యలో మూల ఫోల్డరు, దాని చుట్టూ వలయాలుగా లోపలి ఫోల్డర్లు ఉంటాయి. సన్‌బర్స్ట్ అనే ఈ పద్ధతిని జార్జియా టెక్‌కు చెందిన జాన్ స్టాస్కో బృందం 2000 ప్రాంతంలో అభివృద్ధి చేసింది. గ్నోమ్ డెస్క్‌టాప్‌తో వచ్చే బావొబాబ్, కేడీఈలోని ఫైల్‌లైట్, మ్యాక్‌లోని డైసీడిస్క్ ఈ రూపంలో చూపిస్తాయి. ఫోల్డర్ల అమరిక అర్థం చేసుకోవడానికి వలయం మేలు. ఎక్కడో లోతున దాగిన ఒక్క పెద్ద ఫైలును పట్టుకోవడానికి ట్రీమ్యాప్ మేలు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల వారీగా

విండోస్: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే యాప్‌లు, తాత్కాలిక ఫైళ్లు, పత్రాలు వర్గాలవారీగా కనిపిస్తాయి. 2017లో విండోస్ 10లో చేరిన స్టోరేజ్ సెన్స్ తాత్కాలిక ఫైళ్లను, రీసైకిల్ బిన్‌లోని పాతవాటిని తనంతట తాను తొలగిస్తుంది. సి డ్రైవ్‌లో పెద్దగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్‌ఫైల్, హైబర్నేషన్ కోసం ర్యామ్‌లోని సమాచారాన్ని దాచే హైబర్‌ఫైల్ మామూలుగా కంటికి కనిపించవు. హైబర్నేషన్ ఆపేస్తే రెండోది పోతుంది, దానితోపాటు వేగంగా బూట్ అయ్యే సదుపాయమూ పోతుంది. కొత్త వెర్షన్‌కు మారాక మిగిలే విండోస్ ఓల్డ్ ఫోల్డర్‌ను సిస్టమ్ 10 రోజుల తర్వాత తానే తీసేస్తుంది. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్‌లో రిస్టోర్ పాయింట్లు ఉంటాయి. వాటికి ఎంత చోటు ఇవ్వాలో సిస్టమ్ ప్రొటెక్షన్‌లో నిర్ణయించుకోవచ్చు.

లినక్స్: ఖాళీ చోటుకు డీఎఫ్, ఫోల్డర్లవారీ లెక్కకు డీయూ. సర్వర్ మీద గ్రాఫికల్ తెర లేనిచోట ఎన్‌సీడీయూ చాలామందికి ఇష్టమైన ఉపకరణం. బాణం మీటలతో ఫోల్డర్లలోకి దిగుతూ, పెద్దవి పైన ఉండేలా చూడవచ్చు. సర్వర్లలో చోటు ఎక్కువగా వార్ (/var) డైరెక్టరీ కిందే పోతుంది. లాగ్ ఫైళ్లు, ప్యాకేజీల క్యాష్, ప్రోగ్రాములను కంటైనర్లుగా నడిపే డాకర్ తాలూకు ఇమేజ్‌లు అక్కడే ఉంటాయి. సిస్టమ్ సందేశాలను నమోదు చేసే సిస్టమ్‌డీ జర్నల్ తన లాగ్‌లను మామూలుగా ఫైల్ సిస్టమ్‌లో 10 శాతానికి, గరిష్ఠంగా 4 జీబీకి పరిమితం చేసుకుంటుంది. డాకర్ మామూలు అమరికలో కంటైనర్ల లాగ్‌లకు అలాంటి హద్దు లేదు. హద్దు పెట్టని ఒక్క కంటైనర్ లాగ్ సర్వర్ మొత్తాన్ని నింపగలదు. డాకర్‌కు తన సొంత డీఎఫ్ ఉంది. ఇమేజ్‌లు, కంటైనర్లు, వాల్యూమ్‌లు ఎంతెంత వాడాయో, అందులో ఎంత తిరిగి పొందవచ్చో అది చెబుతుంది.

మ్యాక్: 2017లో హై సియెర్రాతో ఆపిల్ ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్‌కు మారింది. ఇందులో ఫైండర్‌లో ఫైలుకు నకలు తీస్తే అదనపు చోటు పట్టదు. రెండింటిలో ఏదైనా మారినప్పుడు మారిన భాగానికే కొత్త చోటు ఖర్చవుతుంది. మ్యాక్ బ్యాకప్ సదుపాయమైన టైమ్ మెషీన్, అదే డిస్కు మీద ఫైళ్ల పాత స్థితిని దాచే స్నాప్‌షాట్లు ఉంచుతుంది కాబట్టి, పెద్ద ఫైలు తొలగించినా వెంటనే ఖాళీ పెరగకపోవచ్చు. అవసరమైతే సిస్టమే విడిచిపెట్టగల చోటును మ్యాక్ విడిగా లెక్కిస్తుంది. అందుకే ఫైండర్ చూపే ఖాళీ, టెర్మినల్‌లో డీఎఫ్ చూపే ఖాళీ తరచూ కలవవు.

లెక్కలు కలవనప్పుడు

డీఎఫ్ డిస్కు నిండిందంటుంది. డీయూ కూడితే సగమే వస్తుంది. సర్వర్లు నడిపేవారికి తరచూ ఎదురయ్యే ఇలాంటి తేడాలకు కారణాలు పరిమితమే. తేడా ఎటువైపు ఉందో చూస్తే చాలావరకు దారి దొరుకుతుంది.

తెరిచి ఉన్న ఫైళ్లు: యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఒక ప్రోగ్రాము వాడుతున్న ఫైలును తొలగిస్తే పేరు పోతుంది కాని బ్లాకులు పోవు. ఆ ప్రోగ్రాము ఫైలును మూసేదాకా చోటు విడుదల కాదు. పెరిగిపోయిన లాగ్ ఫైలును తొలగించినా ఖాళీ రాకపోవడానికి ఇదే కారణం. అలాంటి ఫైళ్లను ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్ చూపిస్తుంది. ఆ సేవను రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగి వస్తుంది.

మౌంట్ కింద దాగినవి: ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు ఉండగానే దాని మీద మరో డిస్కును మౌంట్ చేస్తే, అంటే జోడిస్తే, కిందివి కనిపించకుండా పోతాయి. అవి చోటు మాత్రం తింటూనే ఉంటాయి. బ్యాకప్ డిస్కు మౌంట్ కాని రోజున బ్యాకప్ మూల డిస్కు మీదే పడిపోవడం ఇలాగే జరుగుతుంది.

కేటాయించి ఉంచిన చోటు: లినక్స్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతాన్ని రూట్ కోసం పక్కన పెడుతుంది. డిస్కు నిండినా నిర్వాహకుడు లోపలికి వచ్చి సరిదిద్దగలగాలన్నది ఒక ఉద్దేశం. నిండే దశలో ఫైళ్లు ముక్కలు ముక్కలుగా చెదరకుండా చూడటం మరొకటి. బర్కిలీలో మార్షల్ కిర్క్ మెక్యూసిక్ బృందం 1980లలో రూపొందించిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ ఇదే కారణంతో 10 శాతం ఖాళీ ఉంచేది.

హార్డ్ లింకులు: ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు పేర్లు ఉండవచ్చు. ఒకే ఇంటికి రెండు గుమ్మాలున్నట్టు. గుమ్మాలు లెక్కపెడితే ఇళ్ల సంఖ్య తప్పు వస్తుంది. విండోస్‌లోని విన్ ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ నిజంగా ఉన్నదానికంటే పెద్దగా కనిపించడానికి కారణం ఇదే. దాని అసలు పరిమాణం చెప్పడానికి మైక్రోసాఫ్ట్ డిస్మ్ అనే ప్రత్యేక కమాండ్ ఇచ్చింది. ఆ ఫోల్డర్‌లోంచి ఫైళ్లను చేత్తో తీసేస్తే విండోస్ దెబ్బతింటుంది.

ఐనోడ్‌లు అయిపోవడం: ఈఎక్స్‌టీ4లో ఎన్ని ఫైళ్లు ఉండవచ్చన్నది ఫార్మాట్ చేసేటప్పుడే నిర్ణయమవుతుంది. ఒక్కో ఫైలుకు ఒక ఐనోడ్ ఖర్చవుతుంది. కోట్ల కొద్దీ చిట్టి ఫైళ్లు పోగైతే, జీబీలకు జీబీలు ఖాళీగా ఉండగానే చోటు లేదన్న సందేశం వస్తుంది. డీఎఫ్‌కు ఐ అనే ఆప్షన్ జోడిస్తే ఈ సంగతి బయటపడుతుంది.

డేటాబేసులు: డేటాబేసులో వరుసలు తొలగిస్తే దాని ఫైలు సాధారణంగా చిన్నదవదు. ఖాళీ అయిన భాగాన్ని డేటాబేసు తన తర్వాతి అవసరాలకు దాచుకుంటుంది. నిజంగా కుదించాలంటే చాలా డేటాబేసులు మొత్తాన్ని కొత్తగా రాసుకోవాలి. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ వంటివాటిలో ఆ పనికే అదనపు చోటు కావాలి. డిస్కు పూర్తిగా నిండాక మేలుకొంటే కుదించడానికే చోటుండదు.

చోటు తినేవి ఏవి

పాఠ్యం ఎప్పుడూ చోటు సమస్య కాదు. యూనికోడ్‌లో యూటీఎఫ్-8 పద్ధతిన తెలుగు లిపి సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది. తెలుగు అన్న మాట రాయడానికి హల్లులు, గుణింతాల గుర్తులతో కలిపి 18 బైట్లు కావాలి. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. అయినా 300 పేజీల తెలుగు నవల యూనికోడ్‌లో ఒక మెగాబైటుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అదే పుస్తకాన్ని పేజీల బొమ్మలుగా స్కాన్ చేసిన పీడీఎఫ్ పదుల మెగాబైట్లకు చేరుతుంది.

చోటు పోయేది బొమ్మలు, వీడియోలు, నకళ్ల వల్లే. మన ఊళ్లలోని ఫ్లెక్సీ డిజైన్ కేంద్రాలు దీనికి మంచి ఉదాహరణ. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల చొప్పున నాలుగు రంగుల పద్ధతిలో తయారుచేస్తే దాదాపు 6 కోట్ల చుక్కలవుతాయి. కుదించకుండా చూస్తే ఒక్క పొరకే 239 మెగాబైట్లు కావాలి. ఫొటోషాప్ ఫైలులో అలాంటి పొరలు చాలా ఉంటాయి. ఒక డిజైన్‌ను పేర్లు మార్చి పదిసార్లు దాచుకోవడం అక్కడ మామూలే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో, అసలు రికార్డింగులకు తోడు ఎడిటింగ్ ప్రోగ్రాములు తయారుచేసుకునే ప్రివ్యూ, క్యాష్ ఫైళ్లు పోగవుతాయి. పని ముగిశాక వాటి అవసరం ఉండదు. ఇవి ప్రాజెక్టు ఫోల్డర్‌లో కాకుండా వేరేచోట ఉండవచ్చు కాబట్టి చాలామందికి కనిపించవు.

ఫోన్లలో వాట్సాప్ ఫొటోలు, వీడియోలది పెద్ద వాటా. ఉదయాన్నే పంపుకునే శుభోదయం బొమ్మలు భారతీయుల ఫోన్లు నింపుతున్నాయన్న చర్చ 2018లో విదేశీ పత్రికల దాకా వెళ్లింది. దానికి కొద్ది ముందు, 2017 డిసెంబరులో గూగుల్ విడుదల చేసిన ఫైల్స్ గో యాప్ అలాంటి బొమ్మలను, నకళ్లను గుర్తించే సదుపాయం ఇచ్చింది. 2020లో వాట్సాప్ తన సెట్టింగ్స్‌లోనే, 5 మెగాబైట్లు దాటిన ఫైళ్లను, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవాటిని విడివిడిగా చూపే ఏర్పాటు చేసింది.

డిస్కు నిండడం వల్ల ఆగిన పనులు

2004 జనవరిలో నాసా స్పిరిట్ రోవర్ అంగారకుడి మీద దిగిన 18వ రోజున సరైన సంకేతాలు ఆపేసింది. అది పదేపదే రీబూట్ అవుతోందని శాస్త్రవేత్తలు గ్రహించారు. ప్రయాణ కాలం నుంచి పోగైన ఫైళ్ల వల్ల, 256 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీలోని డైరెక్టరీ సమాచారం బాగా పెరిగింది. బూట్ అయినప్పుడు దాన్ని నిలుపుకోవడానికి ర్యామ్‌లో కేటాయించిన చోటు చాలలేదు. ఫ్లాష్‌ను తెరవకుండా బూట్ అవమని భూమి నుంచి ఆదేశాలు పంపి, అక్కర్లేని ఫైళ్లు తొలగించి, ఆ మెమరీని కొత్తగా ఫార్మాట్ చేశారు. ఫిబ్రవరిలో రోవర్ మళ్లీ పనిలో పడింది. బైట్ల లెక్కతోపాటు ఫైళ్ల సంఖ్య లెక్కా అవసరమని ఈ ఘటన చెప్పింది.

2023 ఆగస్టు 29న జపాన్‌లో టొయోటాకు చెందిన 14 కార్ల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లు పనిచేయకపోవడమే కారణం. ఆ నెల 27న చేసిన నిర్వహణ పనిలో, డేటాబేసులో పోగైన సమాచారాన్ని తొలగించి సర్దుతుండగా డిస్కు చోటు చాలక సిస్టమ్ ఆగిందని సంస్థ తర్వాత ప్రకటించింది. ప్రత్యామ్నాయ సర్వర్లు కూడా అదే సిస్టమ్ మీద నడుస్తుండటంతో వాటికీ అదే గతి పట్టింది. ఎక్కువ సామర్థ్యం ఉన్న సర్వర్‌కు సమాచారాన్ని మార్చాక మర్నాడు ఫ్యాక్టరీలు తెరుచుకున్నాయి. శుభ్రం చేయడానికి కూడా ఖాళీ కావాలన్న సంగతికి ఇంతకంటే పెద్ద నిదర్శనం అక్కర్లేదు.

తొలగించే ముందు

డిస్కు నిండిందన్న కంగారులో చేతికందిన ఫైలు తీసేయడం వల్ల జరిగే నష్టం, నిండిన డిస్కు వల్ల జరిగే నష్టంకంటే ఎక్కువ కావచ్చు. పరిశీలనకు ఒక వరుస ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. మొదట మొత్తం ఎంత, ఖాళీ ఎంత అన్నది చూడాలి. తర్వాత పూర్తి అనుమతులతో ఫోల్డర్లవారీ లెక్క తీయాలి. రెండింటికీ తేడా ఉంటే దాని కారణం తెలుసుకోవాలి. ఆ పైన అన్నిటికంటే పెద్ద నాలుగైదింటి మీదే దృష్టి పెట్టాలి. చాలా డిస్కుల్లో ఎక్కువ చోటు కొద్ది ఫోల్డర్ల దగ్గరే ఉంటుంది. చిన్నాచితకా ఏరివేతకు పట్టే సమయానికి తగ్గ ఫలితం రాదు.

ప్రతి పెద్ద ఫైలు గురించీ మూడు సంగతులు తెలియాలి: దాన్ని ఏ ప్రోగ్రాము తయారుచేసింది, అవసరమైతే మళ్లీ తయారవుతుందా, వేరేచోట దాని ప్రతి ఉందా. క్యాష్, తాత్కాలిక ఫైళ్లు మళ్లీ తయారవుతాయి. సిస్టమ్ ఫోల్డర్లలోనివి సిస్టమ్ ఇచ్చిన ఉపకరణంతోనే తీయాలి. కుటుంబ ఫొటోలు, చేసిన పని, చేత్తో టైపు చేసిన పత్రాలు మళ్లీ రావు. వాటిని మరో డిస్కులోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయని చూశాకే మొదటి ప్రతిని తీయాలి. విండోస్ రిజిస్ట్రీ శుభ్రం చేస్తామని, ఒక్క నొక్కుతో వేగం పెంచుతామని చెప్పే ప్రోగ్రాములు చోటు విషయంలో పెద్దగా చేసేది ఉండదు. వాటివల్ల అదనపు ప్రమాదం మాత్రం ఉంటుంది. ఏది తీస్తోందో చూపించని ఏ ఉపకరణాన్నీ నమ్మకూడదు.

సర్వర్లకు ఇంకో నియమం ఉంది. 80 శాతం నిండగానే హెచ్చరిక వచ్చే ఏర్పాటు, లాగ్‌లకు హద్దు, ప్రతి ఫైలు వర్గానికీ ఎంతకాలం ఉంచాలన్న నిర్ణయం ముందే ఉండాలి. ఇంటి కంప్యూటర్‌కైతే ఏడాదికి రెండుమూడుసార్లు ట్రీమ్యాప్ తెరిచి చూసుకుంటే సరిపోతుంది. ఇందుకు కావలసిన మంచి ఉపకరణాలు చాలావరకు ఉచితంగా దొరుకుతున్నాయి. కొత్త డ్రైవ్ కొనే ముందు, ఏ ఫైలునైనా తొలగించే ముందు, ఒకసారి కొలిచి చూడండి.